మెక్‌గ్రిఫ్ లోపల, డెల్గాడో బయట: ఎవరి అర్హత ఎంత?

ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్ కొట్టిన హోమ్ రన్లు 493. కార్లోస్ డెల్గాడో కొట్టినవి 473. తేడా ఇరవై. మెక్‌గ్రిఫ్ కంచు ఫలకం 2023 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో, మేటి ఆటగాళ్లను గౌరవించే బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ గోడ మీద ఉంది. ఆ గోడ మీద చోటు ఎవరికో తేల్చే పాత్రికేయుల ఓటింగుకు డెల్గాడో పేరు 2015లో ఒకే ఒక్కసారి వచ్చింది. 549 మందిలో 21 మంది ఓటేశారు. 5 శాతం రానివారిని జాబితా నుంచి తొలగించాలన్న నిబంధన ఉంది కాబట్టి అతని కథ అక్కడితో ముగిసిందనుకున్నారు. ఇంత దగ్గరగా ఉన్న ఇద్దరి గతి ఇంత దూరంగా ఎందుకు తేలిందన్నది నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న.

హోమ్ రన్ అంటే క్రికెట్ సిక్సర్‌కు అన్న. బంతి కంచె దాటితే కొట్టినవాడితో పాటు అప్పటికే బేస్‌ల (పరుగు దారిలోని మజిలీల) మీద నిలబడి ఉన్నవాళ్లందరూ ఇంటికి, అంటే మొదలుపెట్టిన చోటికి, చేరతారు, ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు కూడా రావచ్చు. అందుకే ఈ బాదుడు వీరులకు అంత గిరాకీ. హాల్ ఆఫ్ ఫేమ్ వాదనల్లో ఒకప్పుడు 500 హోమ్ రన్లు దాటితే తలుపు దానంతట అదే తెరుచుకుంటుందనేవారు. ఆటగాళ్లు బలం కోసం స్టెరాయిడ్ మందులు వాడిన కాలం ఆ నమ్మకాన్ని చెరిపేసింది. 583 కొట్టిన మార్క్ మెక్‌గ్వైర్ పాత్రికేయుల ఓటింగులో పావు వంతు మద్దతైనా కూడగట్టలేకపోయాడు. 762తో అందరికంటే పైనున్న బారీ బాండ్స్ ఆఖరి అవకాశమైన పదో ఏడాది 66 శాతం దగ్గర ఆగిపోయాడు. కావలసింది 75 శాతం. మెక్‌గ్రిఫ్, డెల్గాడోల మీద అలాంటి మచ్చ లేదు. ఆ గొడవ పక్కన పెట్టి కేవలం ఆటనే తూచే వీలున్న జంట కాబట్టే వీళ్లను ఎంచుకున్నాను.

పోలికలు ఇంకా ఉన్నాయి. ఇద్దరూ టొరంటో బ్లూ జేస్ జట్టులోనే ఎదిగారు. ఇద్దరిదీ ఫస్ట్ బేస్ స్థానం, ఇద్దరిదీ ఎడమచేతి బ్యాటింగ్. మెక్‌గ్రిఫ్‌ను 1990 డిసెంబరులో శాన్ డియేగోకు పంపేశారు. మధ్యలో జాన్ ఓలరుడ్ కొన్నేళ్లు ఆ స్థానంలో ఆడాడు, ఆ తర్వాత డెల్గాడో వచ్చి ఆ జట్టు తరఫున 336 హోమ్ రన్లు కొట్టాడు. బ్లూ జేస్‌కు ఇప్పటికీ అదే రికార్డు.

పైపైన అంకెలు చూస్తే డెల్గాడోదే పైచేయిలా కనిపిస్తుంది. బేస్ చేరే శాతం, బాదుడు శాతం కలిపి చూసే ఓపీఎస్ అనే కొలత అతనికి .929, మెక్‌గ్రిఫ్‌కు .886. డెల్గాడో మూడు సీజన్లలో 40కి పైగా హోమ్ రన్లు కొట్టాడు (44, 41, 42). మెక్‌గ్రిఫ్ ఒక్కసారి కూడా 40 చేరలేదు, 37 అతని గరిష్ఠం. డెల్గాడో వరసగా పదేళ్లు, 1997 నుంచి 2006 వరకు, ఏటా 30 తగ్గకుండా కొట్టాడు. మెక్‌గ్రిఫ్ వరస ఏడేళ్లు.

కానీ ఇక్కడే జాగ్రత్త పడాలి. ఎవరు ఎప్పుడు ఆడారన్నది చూడకుండా ఈ అంకెలను పక్కపక్కన పెడితే తూకం తప్పుతుంది. మెక్‌గ్రిఫ్ మంచి రోజులు 1988 నుంచి 1994 దాకా. అప్పట్లో బంతి విసిరే పిచర్లదే రాజ్యం. 1989లో 36 హోమ్ రన్లు కొడితే, అక్కడి రెండు పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అతనే మొదటివాడు. 1992లో 35తో రెండోదైన నేషనల్ లీగ్‌లోనూ మొదటివాడయ్యాడు. పదేళ్లు గడిచేసరికి కాలం తలకిందులైంది. 1999లో డెల్గాడో 44 కొట్టినా లీగ్‌లో మొదటి స్థానం రాలేదు, కెన్ గ్రిఫీ జూనియర్ 48 కొట్టాడు. జీవితం మొత్తంలో ఒక్క సీజన్‌లో కూడా డెల్గాడో హోమ్ రన్లలో లీగ్ అగ్రస్థానం చూడలేదు. కాలాన్నీ మైదానాన్నీ లెక్కలోకి తీసుకుని సరిదిద్దే ఓపీఎస్ ప్లస్ అనే కొలత ఉంది. అందులో సగటు బ్యాటర్ విలువ 100. డెల్గాడోకు 138, మెక్‌గ్రిఫ్‌కు 134. అంతకుముందు కొండంత కనిపించిన తేడా నాలుగు పాయింట్లకు దిగింది. అయినా బ్యాటు పట్టి నిలబడినప్పుడు ఎవరు ఎక్కువ ప్రమాదకారి అంటే, రవ్వంత తేడాతో, డెల్గాడోనే.

శిఖరం విషయంలో నాకు సందేహమే లేదు. 2000లో డెల్గాడో ఆడింది 162 ఆటలు, ఒక్కటీ వదల్లేదు. ప్రయత్నాల్లో ఎన్ని హిట్లు అయ్యాయో చెప్పే సగటు .344, రెండో బేస్ దాకా చేర్చిన దెబ్బలు (డబుల్స్) 57, హోమ్ రన్లు 41, తన బ్యాటుతో ఇంటికి చేర్చిన పరుగులు 137. ఓపీఎస్ ప్లస్ 181. మెక్‌గ్రిఫ్ అత్యుత్తమ సీజన్‌లో అది 166. 2003లో డెల్గాడో 145 పరుగులు చేర్చి లీగ్‌లో మొదటివాడయ్యాడు, ఉత్తమ ఆటగాడి ఓటింగులో అలెక్స్ రోడ్రిగెజ్ తర్వాత రెండో స్థానంలో నిలిచాడు. అదే ఏడాది సెప్టెంబరు 25న టాంపా బే మీద నాలుగుసార్లు బ్యాటింగుకు దిగి నాలుగుసార్లూ హోమ్ రన్ కొట్టాడు. వాటిలో మొదటిది అతని కెరీర్‌లో మూడు వందలవది. ఆ రోజు ఒంట్లో జ్వరంతోనే ఆడాడని వార్తలు వచ్చాయి.

అతని గురించి నాకు బాగా నచ్చే విషయం నోటు పుస్తకం. బ్యాటింగు ముగించి డగౌట్‌లోకి (జట్టు కూర్చునే చోటికి) వచ్చి కూర్చోగానే ఏ పిచర్ ఏ బంతి ఎప్పుడు వేశాడో అందులో రాసుకునేవాడు. అవుటయ్యాక హెల్మెట్ విసిరేసేవాళ్లను చూసి చూసి ఉన్న కళ్లకు ఈ దృశ్యం ఎంతో హాయిగా ఉంటుంది.

మెక్‌గ్రిఫ్ ఇంకో తరహా మనిషి. దెబ్బ కొట్టాక బ్యాటు తల మీదుగా గిర్రున తిరిగి పైకి లేచేది, చూడగానే అతనే అని తెలిసిపోయేది. అతని పాత్రికేయ ఓటింగు చరిత్ర మాత్రం విచిత్రం. 2010లో 21.5 శాతంతో మొదలై, మధ్యలో జారిపోయి, 2019లో ఆఖరి అవకాశంలో 39.8 దగ్గర ముగిసింది. (పిల్లలకు ఆట నేర్పే ఓ వీడియో ప్రకటనలో కనిపించినందువల్లే కొందరికి అతను ఎక్కువ తెలుసంటే అతిశయోక్తి కాదు.) ఆర్భాటం లేనివాడు, పదేళ్లు 30కి పైగా కొట్టినా 40 అనే మెరుపు అంకె లేనివాడు. అలాంటివాళ్లను ఓటు వేళ మర్చిపోవడం తేలిక.

అయినా అతని వాదనకు ఒక్క వేసవి చాలు. 1993 జులైలో శాన్ డియేగో అతన్ని అట్లాంటా బ్రేవ్స్‌కు ఇచ్చేసింది. జులై 20న అతను కొత్త జట్టుతో కలిసిన సాయంత్రమే, ఆట మొదలవక ముందు స్టేడియంలోని ప్రెస్ బాక్సులో మంటలు లేచాయి. ఆట ఆలస్యంగా మొదలైంది. అట్లాంటా ఐదు పరుగులు వెనుకబడింది, తర్వాత పుంజుకుంది. చివరికి స్కోరు సమం చేసిన హోమ్ రన్ మెక్‌గ్రిఫ్ బ్యాటు నుంచే వచ్చింది. అప్పటికి శాన్ ఫ్రాన్సిస్కో జట్టుకు దాదాపు పది ఆటల దూరంలో ఉన్న బ్రేవ్స్ సీజన్ ముగిసేసరికి 104 గెలుపులతో ఒక్క ఆట తేడాతో లీగ్‌లోని తన డివిజన్ గెలిచింది. రెండేళ్ల తర్వాత, 1995లో, అదే జట్టు ఏడాది చివరి టైటిల్ పోరైన ప్రపంచ సిరీస్ గెలిచింది. సీజన్ తర్వాత టైటిల్ కోసం జరిగే పోస్ట్‌సీజన్‌లో మెక్‌గ్రిఫ్ 50 ఆటల్లో .303 సగటు, 10 హోమ్ రన్లు. ఒత్తిడిలో ముడుచుకుపోలేదు.

డెల్గాడోకు ఆ వేదిక ఒకే ఏడాది దొరికింది. 2006లో న్యూయార్క్ మెట్స్ తరఫున 10 ఆటల్లో 4 హోమ్ రన్లు, .351 సగటు. చిన్న నమూనా, కానీ దొరికిన అవకాశాన్ని చేజార్చుకోలేదు. టొరంటోలో గడిపిన ఉత్తమ సంవత్సరాల్లో జట్టు అక్కడిదాకా రాకపోవడం అతని తప్పు కాదు.

ఇక ‘అయ్యుంటే’ లెక్కలు. 1994 ఆగస్టు 12న ఆటగాళ్ల సమ్మెతో సీజన్ ఆగిపోయే నాటికి మెక్‌గ్రిఫ్ 113 ఆటల్లో 34 కొట్టాడు. ఆ సమ్మె లేకపోతే 500 దాటడం ఖాయమని అభిమానులంటారు. నిజమే. అయితే డెల్గాడో 2008లో, 36 ఏళ్ల వయసులో, 38 కొట్టి 2009 మే నెలలో తుంటి దెబ్బతో ఆట నుంచే దూరమయ్యాడు. ఒకరి దురదృష్టాన్ని లెక్కపెడితే ఇంకొకరిదీ లెక్కపెట్టాలి. నేనైతే రెండూ వదిలేస్తాను.

డెల్గాడో వెనుకబడేది సుదీర్ఘత దగ్గర. మెక్‌గ్రిఫ్ ఆడింది 2,460 ఆటలు, డెల్గాడో 2,035. సులువుగా దొరికే మామూలు ప్రత్యామ్నాయ ఆటగాడి కంటే జట్టుకు ఎన్ని గెలుపులు ఎక్కువ తెచ్చాడో లెక్కగట్టే ‘వార్’ మెక్‌గ్రిఫ్‌కు 52.6, డెల్గాడోకు 44.4. హాల్‌లో ఉన్న ఫస్ట్ బేస్ ఆటగాళ్ల సగటు అరవై దాటుతుంది, అంటే ఇద్దరూ కిందే. ఫీల్డింగ్‌లో ఎవరూ గొప్పవారు కారు. 2018లో 38.7 వార్‌తో హెరాల్డ్ బెయిన్స్‌ను, పాత్రికేయుల ఓటింగులో మిగిలిపోయినవారిని పరిశీలించే ఒక కమిటీ లోపలికి పంపింది కదా అని కొందరు అతన్ని కొలబద్దగా వాడతారు. ఒక పొరపాటును ప్రమాణంగా తీసుకుంటే ఊరు ఊరంతా ఫలకాలు కట్టుకోవాలి.

2015 ఫలితాన్ని మాత్రం డెల్గాడో ఆట మీద తీర్పుగా నేను ఒప్పుకోను. ఒక్కో ఓటరు పది పేర్లకు మించి రాయకూడదు. ఆ ఏడు జాబితాలో రాండీ జాన్సన్, పెడ్రో మార్టినెజ్, జాన్ స్మోల్ట్జ్, క్రెయిగ్ బిజియో ఉన్నారు, ఆ నలుగురూ ఎన్నికయ్యారు. వాళ్ల వెనుక బాండ్స్, క్లెమెన్స్, పియాజా, బ్యాగ్‌వెల్, రెయిన్స్, ముస్సీనా, షిల్లింగ్, ఎడ్గర్ మార్టినెజ్. ఆ రద్దీలో మెక్‌గ్రిఫ్‌కే 12.9 శాతం వచ్చింది. కొత్తగా వచ్చిన డెల్గాడోకు పదిలో చోటెక్కడ? ఖాళీగా ఉన్న ఇంకో ఏడాది వచ్చి ఉంటే 5 శాతం కచ్చితంగా దాటేవాడు, పదేళ్ల వాదనకు అవకాశం ఉండేది.

మైదానం బయటి విషయం ఒకటుంది. ప్యూర్టో రికోలోని వియేకస్ ద్వీపంలో అమెరికా నావికాదళం బాంబుల సాధన చేయడాన్ని డెల్గాడో వ్యతిరేకించాడు. 2004లో ఇరాక్ యుద్ధానికి నిరసనగా ఏడో ఇన్నింగ్స్‌లో దేశభక్తి గీతం వినిపించేటప్పుడు మైదానంలో నిలబడకుండా డగౌట్‌లోనే ఉన్నాడు, యాంకీ స్టేడియంలో జనం గేలిచేశారు. అదే ఓట్లు పోగొట్టిందని నేను అనను. ఎన్నిక నియమాల్లో వ్యక్తిత్వాన్నీ చూడమని ఉంది, చూసేవాళ్లు సేవాగుణానికిచ్చే రాబర్టో క్లెమెంటే పురస్కారం 2006లో అతనికే దక్కిందని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఒక్కరికే చోటుంటే నా ఓటు మెక్‌గ్రిఫ్‌కు. నాలుగు వందలకు పైగా అదనపు ఆటలు, రెండు లీగుల్లోనూ అగ్రస్థానం, ఒక ప్రపంచ సిరీస్. 2022 డిసెంబరులో అలాంటి ప్రత్యేక కమిటీలోని 16 మందీ అతనికే ఓటేయడం నాకు అతిగా అనిపించలేదు. అయితే అక్కడున్నది ఒక్క కుర్చీ కాదు. మెక్‌గ్రిఫ్ ఎత్తుకు గుమ్మం కట్టాక, శిఖరంలో అతనికంటే ఒక మెట్టు పైనున్నవాడిని ఎనిమిది వార్ తేడాతో బయట నిలబెట్టడం నాకు సరిగా తోచదు.

2025 డిసెంబరులో అలాంటి కమిటీయే డెల్గాడో పేరును మళ్లీ పరిశీలించింది. 12 ఓట్లు కావాలి, 9 వచ్చాయి. ఆ రోజు ఎన్నికైనది జెఫ్ కెంట్ ఒక్కడే, డెల్గాడోది రెండో స్థానం. సమకాలీన ఆటగాళ్ల వంతు తిరిగి వచ్చేది 2028లో. కమిటీలో ఒక్కొక్కరు మూడు పేర్లే రాయగలరు కాబట్టి ఆ ఏడు జాబితాలో ఇంకెవరెవరు ఉంటారన్నదే అసలు చిక్కు. డెల్గాడో అంకెలు మారవు, పక్కనున్న పేర్లు మారతాయి.