యమహా ఆర్15 వీ4: బరువంతా మణికట్టు మీద పడితే

ఆర్15 కొందామనుకునేవాళ్లు చాలామంది షోరూంలో సైడ్ స్టాండు వేసి ఉన్న బండి మీద రెండు నిమిషాలు కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, "బాగానే ఉందే" అనుకుని అడ్వాన్సు కట్టేస్తారు. ఒరిగి నిలబడ్డ బండి మీద సీటు ఎత్తు తెలియదు. ఒంటి బరువు ఎటు పోతుందో అసలే తెలియదు. ఈ బండి మనకు సరిపడుతుందో లేదో తేల్చేది ట్రాఫిక్కే. సాయంత్రం ఆరింటికి, ల్యాప్‌టాప్ బ్యాగు వీపున వేసుకుని, అమీర్‌పేట నుంచి కొండాపూర్ దాకా నడిపి చూడాలి.

2008లో వచ్చిన మొదటి ఆర్15 చూపుకి స్పోర్ట్ బండే గానీ, కూర్చోవడానికి ఇంత కఠినంగా ఉండేది కాదు. 2018 నాటి వీ3తో ఒళ్లు బాగా ముందుకు వంచాల్సి వచ్చింది. 2021 సెప్టెంబరులో వచ్చిన వీ4 కూర్చునే తీరుని దాదాపు అలాగే ఉంచి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే 37 మి.మీ. తలకిందుల ఫోర్కు, వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ చేర్చింది. క్లచ్ పట్టకుండానే గేరు మార్చనిచ్చే క్విక్ షిఫ్టర్ అన్ని రకాల్లోనూ రాదు, బుక్ చేసేముందు అడిగి తెలుసుకోవాలి. అది పై గేర్లకే పనిచేస్తుంది, కిందికి దించాలంటే క్లచ్ పట్టాల్సిందే. ట్రాఫిక్‌లో ఎడమచేతికి దక్కే విశ్రాంతి అంతంతమాత్రం.

నొప్పి ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. హ్యాండిల్ రెండు ముక్కలుగా ఫోర్కు గొట్టాలకే బిగించి ఉంటుంది. సీటు 815 మి.మీ. ఎత్తు. ఫుట్‌రెస్టులు వెనకగా, పైకి ఉంటాయి. అంటే నడుం కంటే చేతులు దిగువన, మోకాళ్లు బాగా మడిచి కూర్చోవాలి. 70, 80 వేగంలో ఎదురుగాలి ఛాతీని కొంత ఎత్తి పడుతుంది కాబట్టి చేతుల మీద భారం తగ్గుతుంది. 40 లోపు ఆ గాలి ఉండదు. పైగా బ్రేకు పట్టిన ప్రతిసారీ ఒళ్లు ముందుకు తూలుతుంది, ఆ తూలినదంతా అరచేతి మొదట్లో, బొటనవేలి కింద ఆగుతుంది. అందుకే ఇదే బండి విజయవాడ హైవే మీద రెండు గంటలు హాయిగా సాగి, పంజాగుట్టలో ఇరవై నిమిషాలకే చేతులు తిమ్మిరెక్కిస్తుంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగు ప్రధాన రోడ్డు మీదికీ, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ టూ వీలర్లను రానివ్వరు. కాబట్టి ఊళ్లో దీనికి నచ్చే వేగం దొరికే చోట్లు తక్కువే.

దీనికి విరుగుడు ముందు కూర్చునే తీరులో ఉంది. తొడలతో ట్యాంకుని గట్టిగా పట్టుకోవాలి. బ్రేకు వేసేటప్పుడు ఒంటిని ఆపాల్సింది తొడలూ, పొట్ట కండరాలూ. మోచేతులు కొద్దిగా వంగి, రెక్కలాడించగలిగేంత వదులుగా ఉండాలి. మోచెయ్యి బిర్రబిగిస్తే గుంతలో పడ్డ ప్రతి దెబ్బా నేరుగా భుజానికి చేరుతుంది. ట్యాంకు పక్కలకి అంటించే రబ్బరు గ్రిప్పులు కొన్ని వందల రూపాయల్లో వస్తాయి. ఈ బండికి కొనే యాక్సెసరీల్లో పెట్టిన డబ్బుకి పూర్తి ఫలం ఇచ్చేది బహుశా అదొక్కటే.

తర్వాత పానా పని. షోరూం నుంచి వచ్చిన బండికి క్లచ్, బ్రేకు లివర్లు చాలాసార్లు నేలకి సమాంతరంగా బిగించి ఉంటాయి. ముందుకు వంగి కూర్చున్నప్పుడు ముంజేయి కిందికి దిగుతుంది కాబట్టి, ఆ లివర్లని అందుకోవడానికి మణికట్టుని ప్రతిసారీ పైకి వంచాలి. బ్రాకెట్ బోల్టులు కాస్త వదులు చేసి, ముంజేయి, అరచెయ్యి, వేళ్లు ఒకే గీతలోకి వచ్చేదాకా లివర్లని కిందికి తిప్పి బిగించండి. మిత్రుణ్ణి పక్కన నిలబెట్టి, బండి మీద కూర్చుని చేయించుకుంటే కొలత సరిగ్గా కుదురుతుంది. బిగించాక హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, బ్రేకు పైపుగానీ కేబుల్‌గానీ లాగినట్టు అవుతోందేమో చూడాలి. క్లచ్ లివర్ చివర 10 నుంచి 15 మి.మీ. వదులు ఉంచాలి. అంతకు మించితే గేర్లు టకటకమంటాయి, బొత్తిగా లేకపోతే క్లచ్ జారి ప్లేట్లు అరుగుతాయి. పెద్ద సైజు బూట్లు వేసేవాళ్లకి గేరు లివర్ కింద కాలివేలు ఇరుకవుతుంది. దాని కడ్డీకి ఉన్న లాక్ నట్లు వదులు చేసి, కడ్డీని తిప్పి ఎత్తు మార్చుకోవచ్చు. ఇలాంటి కడ్డీల్లో సాధారణంగా ఒక నట్టుకి ఎడమ మర (మామూలుకి ఎదురు దిశలో తిరిగేది) ఉంటుంది, మొండిగా తిప్పితే తల అరిగిపోతుంది.

ఈ అరగంట పని చేయకుండా జనం నేరుగా కొనేవి రెండు. ఒకటి జెల్ సీటు లేదా గాలి దిండు. తొడలకి మెత్తగా ఉండే మాట నిజమే. కానీ అది సీటుని మరో వేలెడు లేపుతుంది, హ్యాండిల్ ఉన్నచోటే ఉంటుంది. వంపు పెరిగి మణికట్టు మీద ఇంకా బరువు పడుతుంది. పిర్రల నొప్పి తగ్గి చేతుల నొప్పి పెరిగిందని అనేవాళ్ల కథ ఇదే. సీటు మార్చాలనుకుంటే ఫోమ్ మార్పించండి, ఎత్తు పెంచొద్దు. రెండోది హ్యాండిల్‌ని ఎత్తు చేసే ముక్కలు, అంటే రైజర్లు. ఇవి పనిచేస్తాయి, అబద్ధం లేదు. అయితే క్లచ్ కేబుల్, బ్రేకు పైపు, స్విచ్చుల వైర్లు పాత ఎత్తుకి కొలిచి వేసినవి. ఎత్తు పెంచాక పూర్తిగా తిప్పితే యాక్సిలరేటర్ కేబుల్ లాగి ఇంజిన్ తనంతట తానే రొద పెట్టవచ్చు, బొటనవేలు ట్యాంకుకీ హ్యాండిల్‌కీ మధ్య నలగవచ్చు. క్లాంపు సరిగా బిగియక గట్టి బ్రేకులో హ్యాండిల్ తిరిగిపోతే పడటమే. పెట్టించుకుంటే ఇంజిన్ ఆన్ చేసి, ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి ఆర్పీఎం కదలడం లేదని చూశాకే డబ్బులివ్వండి.

బ్యాగు సంగతి ఎవరూ పట్టించుకోరు. వీపున ఐదు కిలోల బ్యాగు ఉంటే, వంగినప్పుడు ఆ ఐదూ భుజాల మీదుగా చేతుల్లోకి దిగుతుంది. పట్టీలు వదులు చేసి బ్యాగు అడుగు వెనక సీటు మీద ఆనేలా చూసుకోండి, లేదా వెనక సీటుకే కట్టేయండి.

ఎందుకంటే వెనక సీటుకి అంతకంటే గొప్ప ఉపయోగం లేదు. అది ఎత్తుగా, ఇరుగ్గా, పట్టుకోడానికి ఏమీ లేకుండా ఉంటుంది. కూర్చున్నవాళ్లు బ్రేకు పడ్డప్పుడల్లా జారి నడిపేవాళ్ల వీపు మీద వాలతారు, రెండు ఒళ్ల బరువూ ఒకే జత మణికట్లు మోయాలి. చీర కట్టుకుని పక్కకి కూర్చునే అమ్మనో అత్తయ్యనో రోజూ గుడికో బజారుకో దించాల్సిన ఇల్లయితే ఈ బండి వద్దు, అంతే.

నడకలో మాత్రం వంక పెట్టడం కష్టం. 155 సీసీ ఇంజిన్ 10,000 ఆర్పీఎం దగ్గర 18.4 పీఎస్, 7,500 దగ్గర 14.2 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. 7,400 దగ్గర వీవీఏ (వాల్వులు తెరుచుకునే తీరుని ఇంజిన్ వేగాన్ని బట్టి మార్చే ఏర్పాటు) రెండో క్యామ్‌కి మారుతుంది, అక్కడ శబ్దమూ ఊపూ రెండూ మారతాయి. 142 కిలోలే కాబట్టి మలుపులో మనసులో అనుకున్నంతలో వంగుతుంది. శ్రీశైలం ఘాట్‌లోనో, అనంతగిరి మీదుగా అరకు వెళ్లే దారిలోనో ముందుకు వంగి కూర్చోవడం శిక్షలా కాక సౌకర్యంగా మారుతుంది. ముందు టైరు ఏం చేస్తోందో అరచేతులకి తెలుస్తుంది. (శ్రీశైలం దారిలో నల్లమల గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, లెక్క చూసుకుని బయల్దేరాలి.) చీకట్లో మాత్రం వేగం తగ్గించుకోవాల్సిందే. మధ్యలో ఉన్న ఒక్క ప్రొజెక్టర్ దీపం డిమ్‌లో పదునుగా కోసినట్టు ఆగిపోతుంది, ఆ గీత దాటాక గుంత కనిపించదు.

సస్పెన్షన్ బిగువే. కానీ "రాయిలా ఉంది" అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం పెట్రోలు బంకులో గాలి. 30 పీఎస్ఐకి అటూ ఇటూ ఉండాల్సిన టైర్లలో 40 కొట్టించుకుని వచ్చి షాక్ అబ్జార్బర్‌ని తిడతారు. మాన్యువల్‌లో ఉన్న అంకె ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని, టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. కొత్త బండి చైను మొదటి వెయ్యి కిలోమీటర్లలో త్వరగా వదులవుతుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు బండి కుదుపుతూ పోతే ఇంజిన్‌ని అనుమానించేముందు చైను చూడండి. 500 కిలోమీటర్లకోసారి, వానలో తడిసినప్పుడల్లా లూబ్ కొట్టాలి. మొదటి సర్వీసులో ఆయిల్ మార్చేదాకా ఇంజిన్‌ని ఆర్పీఎం మీటరులోని ఎర్రగీత దాకా లాగొద్దు, ఒకే ఆర్పీఎంలో గంటలకొద్దీ పోనివ్వొద్దు.

కొటేషన్ పాతదైతే మళ్లీ రాయించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది.

రోజూ ఇరవై కిలోమీటర్ల సిగ్నళ్ల దారి ఉండి, ఇదే ఇంజిన్ కావాలనుకుంటే యమహాదే ఎంటీ-15 చూడండి. హ్యాండిల్ వెడల్పుగా, పైకి ఉంటుంది, గాలిని ఆపే ఫెయిరింగ్ ఉండదు. ఫెయిరింగూ కావాలి, మణికట్టూ దక్కాలి అంటే సుజుకీ జిక్సర్ ఎస్ఎఫ్ 250 ఉంది. సీటు 800 మి.మీ., హ్యాండిల్ కాస్త ఎత్తులో. మలుపుల్లో ఆర్15 చురుకు దానికి లేదు. ఈ మూడింటినీ ఒకే రోజు, ఒకే దారిలో, మీ బ్యాగూ మీ బూట్లతోనే టెస్ట్ రైడ్ అడగండి. షోరూంవాళ్లు వీధి చివరిదాకా చాలంటే, ఇంకో షోరూంకి వెళ్లండి.