ఫ్లైట్ సిమ్యులేటర్ (సిమ్)లో యుద్ధ విమానం వేగం సరిచూడటానికి ఏ రిపోర్టు మేలు?

"స్పిట్‌ఫైర్ మార్క్ 9 సిమ్‌లో గంటకి 20 మైళ్లు తక్కువ పోతోంది, మోడల్ తప్పా?" బెజవాడ, గుంటూరు సిమ్మర్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. స్పిట్‌ఫైర్ రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ ఫైటర్. తప్పు సగంసార్లు పోల్చడానికి పక్కన పెట్టుకున్న కాగితంలో ఉంటుంది.

కంపెనీ గ్రాఫుల్లో కొన్ని ఉత్త అంచనాలు. గత్యంతరం లేకపోతేనే వాడండి. పైలట్ల జ్ఞాపకాలు చదువుకోవడానికి బాగుంటాయి, అంతే.

శత్రువు చేతికి చిక్కిన విమానాల పరీక్షలు ఆసక్తికరం. 1942 జూన్ 23న జర్మన్ పైలట్ ఆర్మిన్ ఫాబర్ దారి తప్పి వేల్స్‌లోని పెంబ్రీలో దించిన ఫోకవుల్ఫ్ 190 ఏ-3ని బ్రిటిష్ వాళ్లు పరీక్షించారు. ఇంజిన్ సాఫీగా నడవలేదు కాబట్టి గరిష్ఠ వేగానికి అది కొలమానం కాదు. కానీ పక్కపక్కన ఎగరేసి తేల్చిన సంగతులకు విలువుంది: రోల్‌లో (ఒక పక్కకి ఒరిగి తిరగడంలో) స్పిట్‌ఫైర్ 5 కంటే ఇదే చురుకు, మలుపులో స్పిట్‌ఫైర్‌దే పైచేయి.

వేగానికీ, క్లైంబ్‌కీ (పైకెక్కే వేగానికీ) నా ఓటు బ్రిటన్‌లోని బాస్కోంబ్ డౌన్, అమెరికాలోని రైట్ ఫీల్డ్ లాంటి సొంత దేశపు అధికారిక పరీక్షలకే. బరువు, ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు), బూస్ట్ అందులో రాసి ఉంటాయి. అన్నిట్లోకీ ముఖ్యం బూస్ట్, అంటే ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే ఒత్తిడి. స్పిట్‌ఫైర్ 9ల్లో కొన్నింటికి ఉన్న మెర్లిన్ 66 ఇంజిన్‌కి మామూలుగా చదరపు అంగుళానికి +18 పౌండ్లు, 150 గ్రేడ్ పెట్రోలుతో +25. విమానం ఒకటే, తక్కువ ఎత్తులో వేగాలు మాత్రం వేరు. అమెరికన్ ఫైటర్ మస్టాంగ్ రిపోర్టులో బూస్ట్ 67 అంగుళాలని (పాదరసం కొలతలో) ఉంటే అదీ +18తో సమానమే. జర్మన్ ఫైటర్ మెసర్‌ష్మిట్ 109 జీ-2కి 1.42 ఆటా (జర్మన్ల బూస్ట్ కొలత) గ్రాఫులు దొరుకుతాయి, కానీ చాలాకాలం 1.3 ఆటా దాటనివ్వలేదు. సిమ్ అక్కడ ఆపితే అది మోడల్ లోపం కాదు.

ఇక పరీక్ష. లైవ్ వెదర్ (బయటి అసలు వాతావరణాన్నే సిమ్‌లో చూపించే సెట్టింగ్) తీసేయండి. మే నెల మధ్యాహ్నం గన్నవరంలో 43 డిగ్రీలుంటే, రన్‌వే మీద నిలబడ్డ విమానానికి గాలి 3,300 అడుగుల ఎత్తులో ఉన్నంత పలచన. నేలమట్టపు ఉష్ణోగ్రత 15 డిగ్రీలు, పీడనం 1013 మిల్లీబార్లు, గాలి సున్నా పెట్టండి. ఇంధనాన్ని రిపోర్టులోని బరువుకి సరిపెట్టండి. రేడియేటర్ ఫ్లాప్ (ఇంజిన్ చల్లబరిచే గాలి తలుపు) రిపోర్టులో ఎలా ఉందో అలాగే. ఎత్తు మారకుండా ట్రిమ్ చేసి (స్టిక్ పట్టి ఉంచకుండానే విమానం సమంగా పోయేలా సర్ది), వేగం పెరగడం పూర్తిగా ఆగాకే రాసుకోండి. డైవ్ చేసి వచ్చిన వేగం లెక్కలోకి రాదు.

వేగం మీటరు ముల్లు చూపించేది ఐఏఎస్ (గాలి ఒత్తిడిని బట్టి కనిపించే వేగం), రిపోర్టుల్లో ఉండేది ఎక్కువగా టీఏఎస్ (గాలిలో అసలు వేగం). 20,000 అడుగుల దగ్గర ముల్లు 250 చూపిస్తే అసలు వేగం గంటకి దాదాపు 340 మైళ్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రెండు విమానాలే ఒక్కలా పోలేదు కాబట్టి 2, 3 శాతం తేడాని వదిలేయండి. అంతకు మించితే బరువు, బూస్ట్, ఎత్తు, ఉష్ణోగ్రత నాలుగూ రాసి డెవలపర్‌కి పంపండి.