అర్థం చెబుతుంది, అదను చెప్పదు: ఒక ఇంగ్లిష్ జాతీయాల యాప్

అనువాదం నా వృత్తి. ఇంగ్లిష్ జాతీయం ఎదురుపడినప్పుడు చప్పున చూసుకోవడానికి ఫోనులో ఒక యాప్ పెట్టుకున్నాను. చందా కట్టి వాడే రకం. దాని పేరు ఇక్కడ రాయడం లేదు, మెప్పు కన్నా దెప్పు ఎక్కువ ఉండబోతోంది కాబట్టి.

ముందు మెప్పు. వెతకడం హాయిగా ఉంటుంది. 'బీన్స్' అని కొట్టినా, 'స్పిల్డ్' అని కొట్టినా 'స్పిల్ ద బీన్స్' పేజీకే తీసుకెళ్తుంది. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. తెలుగు అర్థాలు రాసిన వారెవరో గానీ భాష తెలిసినవారు. 'బీట్ అరౌండ్ ద బుష్' దగ్గర డొంకతిరుగుడు, 'పీస్ ఆఫ్ కేక్' దగ్గర నల్లేరు మీద బండి నడక. 'బైట్ ద బుల్లెట్'కు 'పంటి బిగువున భరించు' అని చూసి ముచ్చటపడ్డాను. నూటికి నూరుపాళ్లూ అతకదు. ఇంగ్లిష్‌వాళ్లు దాన్ని ఎక్కువగా, దాటవేస్తూ వచ్చిన చేదు పనికి చివరికి సిద్ధపడే సందర్భంలో అంటారు. అయినా రెండుచోట్లా పళ్లకే పని పడింది.

'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్'కు 'ఏ అమావాస్యకో పున్నానికో' అన్నారు. వాడుకలో చక్కగా సరిపోతుంది. లెక్క తీస్తే మాత్రం మనమే ఉదారులం. మనకు పక్షం తిరిగేసరికి ఏదో ఒకటి వచ్చేస్తుంది. ఒకే నెలలో రెండో పున్నమిని బ్లూ మూన్ అనుకుంటే, దాని కోసం సగటున 2.7 ఏళ్లు ఆగాలి.

ఇక దెప్పు. ఈ యాప్‌కు అర్థం తెలుసు, అదను తెలియదు. 'కిక్ ద బకెట్' పేజీ తెరవండి: 'చనిపోవు' అని ఒక్క మాట, కింద ఒక ఉదాహరణ, అంతే. 'పాస్ అవే' పేజీ తెరవండి: అక్కడా 'చనిపోవు', అదే అక్షరం, అదే సైజు. రెండోది సంతాప సభలో పలికే మాట. మొదటిది 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ నాటు మాటలకంటూ వేసిన నిఘంటువులోకి ఎక్కిన మాట. నేటికీ దాని మోటుతనం పోలేదు. మనం వేళాకోళంగా 'బాల్చీ తన్నేశాడు' అంటాం గానీ మరణవార్తలో రాస్తామా? పోయినవారి ఇంటికి ఇంగ్లిష్‌లో నాలుగు ఓదార్పు మాటలు రాయాల్సినవారు ఈ యాప్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. 'మోటు', 'మర్యాద' అని చిన్న గుర్తులు పెడితే తీరిపోయే లోపం ఇది.

క్విజ్ ఇంకా ఘోరం. 'ద బకెట్ వాజ్ కిక్డ్ బై ద కింగ్' అన్న వాక్యాన్ని జాతీయమేనని ఒప్పుకుని ఆకుపచ్చ టిక్కు పెట్టింది. అలా కర్మణిలోకి తిప్పగానే చావు అర్థం ఎగిరిపోతుంది, రాజుగారు నిజంగానే బకెట్‌ను ఒక తన్ను తన్నినట్టవుతుంది. అదే 'ద బీన్స్ వర్ స్పిల్డ్' అనండి, నిక్షేపంగా ఉంటుంది. ఎందుకంటే అందులో బీన్స్ గుట్టుకు, స్పిల్ రట్టుకు విడివిడిగా సరిపోతాయి. బకెట్‌కు చావులో అలాంటి వాటా ఏదీ లేదు. కాబట్టి దాన్ని కదిలించకూడదు. ఏ జాతీయం వంగుతుంది, ఏది విరుగుతుంది అన్నదే నేర్చుకునేవారికి అసలు కష్టం. యాప్‌లో దాని ఊసే లేదు.

'టేబుల్ ఎ మోషన్' దగ్గర 'తీర్మానాన్ని చర్చకు పెట్టు' అని రాసి ఊరుకుంది. బ్రిటన్‌లో అంతే. అమెరికాలో చర్చను పక్కన పెట్టడం. అనువాదకుడి కొంప ముంచడానికి ఇదొక్కటి చాలు.

పుట్టుపూర్వోత్తరాలకు వేరే పేజీలున్నాయి. చదవడానికి సరదాగానే ఉంటాయి, నమ్మడానికే పనికిరావు. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' కింద, పాతకాలంలో గడ్డికప్పుల్లో దాగిన పిల్లులూ కుక్కలూ వానకు జారిపడేవని కథ. 1999లో ఈమెయిళ్లలో ఊరేగిన కట్టుకథ అది. పదిహేడో శతాబ్దంలో రిచర్డ్ బ్రోమ్ నాటకంలో కుక్కలూ పోల్‌క్యాట్లూ (ముంగిసలాంటి జంతువులు) కురిశాయి, 1738లో జోనాథన్ స్విఫ్ట్ చేతిలో పిల్లులూ కుక్కలూ అయ్యాయి. కప్పు సంగతి ఎక్కడా లేదు. 'మొత్తానికి మొత్తం' అనే అర్థంలో వాడే 'ద హోల్ నైన్ యార్డ్స్'కు రెండో ప్రపంచయుద్ధపు మరతుపాకుల తూటాల పట్టీ తొమ్మిది గజాలని చెబుతుంది. 1912లోనే కెంటకీ పత్రికలో అదే మాట 'సిక్స్ యార్డ్స్' అని అచ్చయింది. మూడు గజాల తేడా, యుద్ధానికి ఎన్నో ఏళ్ల ముందు!

చదువుతూ చదువుతూ ఒక జాతీయం దగ్గర ఆగిపోయేవారికి ఈ యాప్ సరిపోతుంది. సొంతంగా ఇంగ్లిష్ రాసేవారికి, మాట్లాడేవారికి దీన్ని సిఫారసు చేయను. పిల్లల చేతికి ఇస్తే క్విజ్ తెరవనివ్వకండి. నేను వెతకడానికి మాత్రమే వాడుతున్నాను. ఐదింటికి రెండున్నర నక్షత్రాలు, అందులో ఒకటి పూర్తిగా ఆ తెలుగు అర్థాలు రాసినవారిది.