గుండెలో పురుగుందని చెప్పి సీసాలు అమ్ముతున్నారు, జాగ్రత్త

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు వాళ్లు ఇది చదివి ఇంట్లో పెద్దవాళ్లకు తప్పకుండా చెప్పండి.

మా పెద్దమ్మకు గుండె దడ ఉంది. దానికి మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా ఇంకో మాత్ర వాడుతోంది. కావలిలో ఒక కల్యాణ మండపంలో ‘ఉచిత గుండె పరీక్ష’ అంటే వెళ్లింది. ల్యాప్‌టాప్‌కి వైరుతో తగిలించిన ఇనుప కడ్డీని చేత్తో పట్టుకోమన్నారట. కాసేపటికి తెర మీద ఎర్ర గీతలు. “మీ గుండెలో పరాన్నజీవి చేరిందమ్మా, చాగస్ అంటారు, దడ అందుకే” అని చెప్పి, రూ.6,800కి మూడు సీసాల చుక్కల మందు అంటగట్టారు. డబ్బు పోతే పోయింది. ఇంగ్లీషు మందులు ఆపితేనే ఇది పనిచేస్తుందన్నారు చూడండి, అదీ ఘోరం. ఆపేసింది. ఒక రాత్రి ఆయాసం వచ్చి నెల్లూరు పరుగెత్తాం. ఈసీజీలో గుండె లయ తప్పి విపరీతమైన వేగంతో కొట్టుకుంటోంది. గడ్డ మెదడుకు చేరి ఉంటే పక్షవాతమే అన్నారు డాక్టరు గారు. దేవుడి దయ, ఇప్పుడు కుదురుకుంది.

చాగస్ నిజంగా ఉన్న జబ్బే, అందుకే జనం నమ్ముతున్నారు. 1909లో బ్రెజిల్‌లో కార్లోస్ చాగస్ అనే డాక్టరు కనిపెట్టారు. నల్లి జాతి పురుగు ఒకటి రాత్రిపూట కుట్టి అక్కడే విసర్జిస్తుంది. గోక్కుంటే ఆ మలంలోని పరాన్నజీవి ఒంట్లోకి పోతుంది. ఏళ్ల తరబడి బయటపడదు. సుమారు ముగ్గురిలో ఒకరికి గుండె దెబ్బతిని లయ తప్పుతుంది, కొందరికి పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది. కానీ అది మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా ఉన్న దేశాల్లో సోకే జబ్బు. తిరుపతి దాటి వెళ్లని మా పెద్దమ్మకు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ దేశాల్లో ఉండి వచ్చినవాళ్లయితే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. అప్పుడు కూడా రక్తంలో యాంటీబాడీలు రెండు వేర్వేరు పరీక్షల్లో తేలాలి, కడ్డీ పట్టుకుంటే తేలదు. దానికి వాడేది బెంజ్‌నిడజోల్ లేదా నిఫుర్టిమాక్స్, అదీ డాక్టరు పర్యవేక్షణలో వారాల తరబడి.

ఆ సీసా తిప్పి చూశాను. మందుల తయారీ లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఆహార పదార్థం, ఏ జబ్బునూ నయం చేయదు’ అని ఉంది! మందుతో గుండె జబ్బు నయమవుతుందని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

బిల్లు ఇవ్వలేదు కాబట్టి సీసాలు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ పెట్టి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు ఇచ్చాం. మీలో ఎవరైనా కొని ఉంటే సీసా పారేయకండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మాత్రలు ఆపేసి ఉంటే మాత్రం ముందు మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఫిర్యాదు తర్వాత చేయొచ్చు.