సరుగుడు కర్ర, సిసల్ తాడు: పిల్లుల గోకుడుకి మేం చేయించుకున్న స్తంభం, నాలుగేళ్ల వాడకం తర్వాత

విశాఖలో మాది రెండు పడగ్గదుల ఫ్లాట్. 2021 వేసవిలో చిట్టి వచ్చింది, అప్పటికి మూడు నెలల పిల్లిపిల్ల. ఆ ఏడాది దాటకుండానే సోఫా కుడి చెయ్యి గుడ్డ పీలికలైంది. మరుసటి ఏడాది వచ్చిన రెండో పిల్లి గౌరి సోఫా జోలికి పోలేదు. అమ్మ నా పెళ్లికి ఇచ్చిన ఏలూరు తివాచీ మీద పడింది. చేత్తో ముడులు వేసి నేసిన ఉన్ని తివాచీ అది. దాని అంచు ఊడి రావడం చూసిన రోజు నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు వాడుతున్న స్క్రాచింగ్ పోస్ట్ 2022 జనవరిలో మేమే చేయించుకున్నది. ముందు పని చేయనివి చెప్తాను. ఆన్‌లైన్‌లో 1,200 రూపాయలు పెట్టి ఒక స్తంభం కొన్నాను. ఎత్తు అడుగున్నర, అడుగున పలచటి చెక్క. చిట్టి నిలబడి ముందుకాళ్లు చాచి లాగేసరికి అది దాని మీదే పడింది. మళ్లీ దాని దగ్గరికి పోలేదు. నిమ్మగడ్డి వాసన స్ప్రే రెండు రోజులు పనిచేసింది, అంతే. నీళ్లు చిమ్మి బెదిరించడం అన్నిటికంటే పెద్ద తప్పు. నేను ఎదురుగా ఉంటే మానేది, నేను లేనప్పుడు గోకేది. నా చేతిలో సీసా కనిపిస్తే మంచం కిందికి దూరేది. వారానికే ఆపేశాను గానీ అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. సోఫా కింద కలరా ఉండలు పెట్టమని ఎవరైనా చెప్తే దయచేసి వినకండి. అవి పిల్లులకి విషం. నల్ల ఫినాయిల్ కూడా అంతే, అది తొక్కిన పాదాల్ని అవి నాకుతాయి కదా.

టీకాకి తీసుకెళ్లినప్పుడు పశువైద్యుడు చెప్పాకే నాకు విషయం అర్థమైంది. గోకినప్పుడు గోరు మీది పాత పొర ఊడి కింద కొత్తది బయటపడుతుంది. ఒళ్లు విరుచుకోవడం కూడా అందులోనే అయిపోతుంది. పాదాల్లో ఉండే గ్రంథుల నుంచి వాసన అంటుకుని, ఇది నా చోటు అన్న గుర్తు మిగులుతుంది. కాబట్టి మాన్పించడం కుదరదు. మా అమ్మమ్మ ఇంట్లో పిల్లి పెరట్లో చింతచెట్టు మొదలు గోకేది, వానాకాలమైతే నులకమంచం కోడు. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. మా ఫ్లాట్‌లో అన్నీ టైల్సు, నున్నటి గోడలు. గోళ్లు దిగేంత గరుకుగా, లాగినా కదలకుండా ఉన్నది సోఫా ఒక్కటే. చిట్టికి ఇంకో దారి లేదు.

కర్రల అడితిలో నాలుగంగుళాల మందం, మూడడుగుల పొడవున్న సరుగుడు ముక్క కోయించాను. వడ్రంగి మేస్త్రి దాన్ని రెండడుగుల చదరపు 18 ఎం.ఎం. ప్లైవుడ్ మీద నిలబెట్టి, కింది నుంచి స్క్రూలు బిగించి, పక్కన ఇనుప యాంగిల్స్ వేశాడు. సరుగుడు బరువైన కర్ర, అదే మాకు కలిసొచ్చింది. చిట్టి పూర్తిగా సాగి వేలాడినా కదలదు. చెక్కకి, కూలికి కలిపి 1,500 అయింది.

మొదట చవకని కొబ్బరి తాడు చుట్టాను. చిట్టికి నచ్చింది గానీ ఇల్లంతా పీచు రాలేది, నాలుగు నెలలకే తెగింది. తర్వాత 8 ఎం.ఎం. సిసల్ తాడుకి, అంటే కిత్తలి జాతి మొక్క నారతో పేనిన తాడుకి మారాను. వరసలు ఒకదానికొకటి ఆనుకునేలా బిగించి చుడితే 36 మీటర్లు పట్టింది, ఖర్చు 900. మొదలు, చివర ఫెవికాల్ పెట్టాను, మేకులు వాడలేదు. మేకు పైకి లేస్తే గోరు ఇరుక్కుంటుంది. ఆ చుట్టు 16 నెలలు వచ్చింది. ఇప్పుడున్నది మూడో సిసల్ చుట్టు. తాడు మారుస్తూ నేను చేసిన పొరపాటు ఒకటుంది. మొదటిసారి పాతదంతా విప్పి పారేశాను, దానికి అంటిన చిట్టి వాసన పోయింది, చిట్టి పది రోజులు కర్రని ముట్టుకోలేదు. ఇప్పుడు పైన జానెడు పాత తాడు ఉంచి మిగతాది చుడుతున్నాను.

ఎక్కడ పెట్టామన్నది తాడు కంటే ముఖ్యం. ఆ సంగతి తెలియక మొదట చూడ్డానికి బాగుండదని బాల్కనీలో పెట్టాను. చిట్టి అటు కన్నెత్తి చూడలేదు. పాడైన సోఫా చేతికి ఆనించి హాల్లో పెట్టి, రెండువైపులా జిగురుండే టేపు సోఫా చేతి మీద వేశాక మూడో రోజున కర్ర ఎక్కింది. పిల్లి నిద్ర లేవగానే గోకుతుంది, పడుకునే చోటికి దగ్గరగా ఉండాలి. అలవాటు చేయడానికి కుప్పింటాకు వేరు దంచి తాడుకి రుద్దాను. రోడ్ల పక్క కలుపులా పెరిగే మొక్కే. దాని వేరంటే చాలా పిల్లులకి పిచ్చి, చిట్టి అయితే కర్రకి ముఖం రాసుకుంటూ పొర్లింది.

గౌరికి మాత్రం ఈ కర్ర అక్కర్లేకపోయింది. అది నేల మీద గోకే పిల్లి. తివాచీ మూల మడతపెట్టి, వెనకవైపు గరుకు ముడుల మీద గోకేది. దానికి కొబ్బరి పీచు డోర్ మ్యాట్ సరిగ్గా ఆ మూలమీదే పరిచి, తివాచీ మూలని టేపుతో నేలకి అతికించాను. రెండు వారాల తర్వాత మ్యాట్‌ని రోజుకి జానెడు చొప్పున జరుపుతూ గోడ దగ్గరికి చేర్చాను. అట్టపెట్టె ముక్కలు పక్కన పడేసినా ఇష్టమే, కానీ ఊడ్చుకోవడం కష్టం.

మూడు వారాలకోసారి గోళ్ల కొసలు కత్తిరిస్తాను, లోపల గులాబీ రంగులో కనిపించే భాగం జోలికి పోకుండా. అమెరికాలో ఉన్న మా చెల్లి, అక్కడ కొందరు ఆపరేషన్‌తో గోళ్లే తీయించేస్తారని చెప్పింది. గోరొక్కటే కాదు, వేలి చివరి ఎముక కూడా కోసేస్తారు. న్యూయార్క్ రాష్ట్రం 2019లో దాన్ని నిషేధించింది. 900 రూపాయల తాడుతో అయ్యే పనికి అంత క్రూరత్వం ఎందుకో నాకు అర్థం కాదు.

లోపాలూ ఉన్నాయి. హాల్లో రెండడుగుల చోటు పోతుంది. సిసల్ కూడా కొద్దిగా రాలుతుంది, రోజూ ఊడవాలి. తాడు చుట్టడానికి ఇద్దరు మనుషులు, ఓ పూట సమయం కావాలి, చేతులు మంటపుడతాయి. అయినా సోఫా మీద కొత్త గీత పడి మూడున్నరేళ్లు దాటింది. తివాచీ అంచుకి వేరే ఉన్నితో కుట్టు వేయించాను, రంగు కాస్త తేడా తెలుస్తుంది. ఈ చుట్టు కర్ర నడుం దగ్గర వదులైంది, సంక్రాంతి సెలవుల్లో మళ్లీ చుట్టాలి, తాడు తెచ్చి పెట్టాను.