ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు: పాతది కొనేముందు రివెట్లు చూసుకోండి

మోడల్ ఎంని పొగిడేవాళ్లంతా దాని చప్పుడుతోనే మొదలుపెడతారు. పాతది కొనేవాళ్లు మాత్రం ముందు అడగాల్సింది లోపలి పలకలను కలిపి పట్టుకునే ప్లాస్టిక్ రివెట్ల (మేకుల) సంగతి.

ప్రతి కీ కింద ఒక గొట్టం, అందులో సన్నటి స్ప్రింగ్, దాని అడుగున అటూ ఇటూ ఊగే బుల్లి సుత్తి ఉంటాయి. చీపురుపుల్లను కొస మీద నిలబెట్టి పైనుంచి నొక్కితే కాసేపు ఓర్చుకుని ఒక్కసారిగా వంగుతుందే, ఈ స్ప్రింగూ అంతే. అది వంగగానే సుత్తి వెళ్లి కిందున్న ప్లాస్టిక్ పొరల స్విచ్, అంటే మెంబ్రేన్‌ను కొడుతుంది. టక్కుమనడం, వేలి కింద బరువు తగ్గడం, అక్షరం పడడం దాదాపు ఒకేసారి జరుగుతాయి. అలవాటైన చెయ్యి కీని అడుగుదాకా నొక్కదు.

1981లో ఐబీఎం పీసీతో వచ్చిన మోడల్ ఎఫ్‌లోనూ ఇదే స్ప్రింగ్. దాని కింద మెంబ్రేన్ బదులు, విద్యుత్ మార్పుతో నొక్కును పసిగట్టే కెపాసిటివ్ సర్క్యూట్ బోర్డు ఉండేది. 1980ల నడుమ ఖర్చు తగ్గించడానికి మెంబ్రేన్ పెట్టి మోడల్ ఎం చేశారు. స్విచ్ వరకు చూస్తే ఎఫ్‌దే పైచేయి. కానీ ఎఫ్ కీల వరస ఈ రోజుల్లో చికాకు పెడుతుంది. ఎం తెచ్చిన 101 కీల అమరికనే కొద్ది మార్పులతో ఇప్పటికీ వాడుతున్నాం.

ఇక రివెట్లు. ఉక్కు పలక, మూడు పొరల మెంబ్రేన్, గొట్టాలున్న ప్లాస్టిక్ పలక, వీటన్నిటినీ కలిపి పట్టుకునేది కరిగించి అణచిన ప్లాస్టిక్ మేకులే. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ పెళుసెక్కి వాటి తలలు ఊడిపోతాయి. ఊడినచోట పలకల మధ్య సందు ఏర్పడి సుత్తి దెబ్బ సరిగా తగలదు. కీ మెత్తబడుతుంది, అక్షరం ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. అమ్మేవాళ్లను కీబోర్డు తిరగేసి ఊపమనండి. లోపల గలగలమంటే విరిగిన తలలు దొర్లుతున్నట్టే. రెండు మూడు పోతే ఫరవాలేదు, ఒకేచోట వరసగా పోతే బేరం ఆడాల్సిందే.

బాగుచేయడం కష్టం కాదు, ఓపిక కావాలి. వెనక అంచున లోతుగా ఉన్న నాలుగు స్క్రూలకు పల్చటి గోడ ఉన్న 5.5 మి.మీ. నట్ డ్రైవర్ కావాలి, మామూలు సాకెట్ ఆ గుంటలో దూరదు. రిబ్బన్ కేబుళ్లను వంచకుండా నిటారుగా లాగాలి. మిగిలిన తలలు ఉలితో చెక్కేసి, 1.6 మి.మీ. బిట్‌తో రంధ్రాలు చేసి, 8 మి.మీ. పొడవున్న ఎం2 (2 మి.మీ. మందం) స్క్రూలు, నట్లు వేయాలి. అతిగా బిగిస్తే గొట్టాల పలక వంగుతుంది. కీక్యాప్‌లు తిరిగి పెట్టేటప్పుడు కీబోర్డును నిలువుగా ఉంచి, స్ప్రింగ్ పక్కకు ఒరగలేదని చూసుకోండి. ఒరిగితే ఆ కీ టక్కుమనదు.

పాత వాటికి పీఎస్/2 తీగ, అంటే యూఎస్‌బీకి ముందు వాడిన గుండ్రటి ప్లగ్, ఉంటుంది. దాన్ని యూఎస్‌బీకి తగిలించాలంటే ఆకారం మాత్రమే మార్చే చిన్న అడాప్టర్ దీనికి పనికిరాదు, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. ఈ కీబోర్డు ఇప్పటివాటి కంటే ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి నాసిరకం కన్వర్టర్లు మధ్యలో మొరాయిస్తాయి. నేరుగా పీఎస్/2 సాకెట్‌లో పెట్టేట్లయితే ముందు కంప్యూటర్ ఆపేయండి.

తెలుగులో టైపు చేసేవాళ్లకు రెండు మాటలు. విండోస్ కీ లేదు కనుక భాష మార్చడానికి ఆల్ట్, షిఫ్ట్ జతను సెట్టింగుల్లో పెట్టుకోవాలి. భారతీయ లిపులకు ప్రామాణిక కీల అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో ‘క్ర’ అంటే మూడు నొక్కులు: క, పొల్లు, ర. ఒత్తులు ఎక్కువున్న వాక్యానికి ఈ బరువైన స్ప్రింగులు వేళ్లకు పని చెబుతాయి. మొదటి వారం నొప్పి పుట్టినా ఆశ్చర్యం లేదు.

గేములకు వద్దు. అడ్డు, నిలువు తీగల వలగా ఉన్న కీల మ్యాట్రిక్స్‌లో కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్లు లేవు. అందుకే కొన్ని కీలు మూడేసి కలిపి నొక్కితే, నొక్కని నాలుగోది కూడా నొక్కినట్టే కనిపిస్తుంది, ఆ గందరగోళం రాకుండా కీబోర్డు లోపలి కంట్రోలర్ చిప్ మూడోదాన్ని వదిలేస్తుంది. కాఫీ ఒలికితే ఇంకా పెద్ద చిక్కు: మెంబ్రేన్ పొరల మధ్యకు పోయిన తడిని తుడవాలంటే రివెట్లన్నీ కోయాల్సిందే.

వెనక లేబుల్ మీద పార్ట్ నంబరు, తయారైన తేదీ ఉంటాయి. 1391401 అని ఉంటే బరువైన రకం, తీగ ఊడదీసి మార్చుకోవచ్చు. 1991లో ఐబీఎం ఈ విభాగాన్ని లెక్స్‌మార్క్‌గా విడగొట్టింది. ఆ తర్వాతి వాటిలో తేలికైనవి, తీగ ఊడనివి ఎక్కువ.

రిపేరు తలనొప్పి వద్దనుకుంటే, 1996 నుంచి కెంటకీలో ఇదే కీబోర్డు చేస్తున్న యూనికాంప్ దగ్గర కొత్తది దొరుకుతుంది. యూఎస్‌బీ, విండోస్ కీ రెండూ ఉంటాయి. అయితే అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు రెండు కిలోల చుట్టూ తూగే ఈ వస్తువు రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం ముందే లెక్క వేసుకోండి.