రూట్ కెనాల్ కడగడానికి ఏది మేలు: సెలైనా, హైపోనా, క్లోర్‌హెక్సిడినా?

బెంగళూరు మారతహళ్లిలో మా పళ్ల క్లినిక్‌కి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. మొన్న అనంతపురం నుంచి కొడుకు దగ్గరికొచ్చిన పెద్దాయన ఒకరు, నోట్లోంచి రబ్బర్ డ్యామ్ (పంటి చుట్టూ బిగించే రబ్బరు తెర) తీసీ తీయగానే, "ఏందమ్మా డాక్టరమ్మా, బాత్రూం కడిగే వాసన వస్తాంది?" అని అడిగారు.

ఆయన ముక్కు సరిగ్గానే పట్టేసింది. అది సోడియం హైపోక్లోరైట్, మా వాడుకలో హైపో. బట్టల బ్లీచ్‌లో ఉండేదీ అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల పుండ్లను 0.5 శాతం హైపోతో కడిగారు. పంటిలో 0.5 నుంచి 6 శాతం దాకా వాడతారు.

అసలు ఇంత కడగడం ఎందుకంటే, వేరులోని కాలువ నున్నటి గొట్టం కాదు. ఒకచోట నొక్కుకుపోయి, ఇంకోచోట సన్నటి పాయలుగా చీలిపోయి ఉంటుంది. ఫైల్ (కాలువను గీకే సన్నటి సూదిలాంటి పనిముట్టు) ఎంత తిప్పినా గోడల్లో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తాకకుండా మిగలొచ్చు. అక్కడికి వెళ్లగలిగేది ద్రవమే.

సెలైన్ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. అది ఉప్పునీళ్లు. చెత్తను బయటికి తోస్తుంది, క్రిములను చంపదు.

అసలు పోటీ హైపోకీ క్లోర్‌హెక్సిడిన్‌కీ. 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌కి ఘాటు వాసన లేదు, క్రిములను బాగా చంపుతుంది, గోడకు అంటుకుని ఆ తర్వాత కూడా కొంతకాలం పనిచేస్తుంది. కానీ చచ్చిన నరాన్ని కరిగించలేదు. నా దృష్టిలో అక్కడే ఓడిపోయింది. హైపో కుళ్లిన నరం మీద పడగానే సన్నటి నురగ పైకి వస్తుంది. కరిగించేకొద్దీ దాని పస తగ్గిపోతుంది కాబట్టి పాతది పీల్చేసి, కొత్తది పోస్తూనే ఉండాలి. హైపో పడనివాళ్లకు మాత్రం క్లోర్‌హెక్సిడినే దిక్కు.

రెండూ కలిపి వాడితే ఇంకా మంచిది కదా అంటారు. వద్దు. చదువుకునే రోజుల్లో ఒకసారి హైపో పూర్తిగా తీయకుండానే క్లోర్‌హెక్సిడిన్ పోశాను. కాలువలో ఇటుక రంగు మడ్డి పేరుకుపోయింది. దాన్ని గీకేసరికి నా పని అయిపోయింది.

ఈడీటీఏ అని ఇంకో ద్రవం ఉంది. అది వీటికి పోటీ కాదు, తోడు. ఫైల్ రాపిడికి గోడ మీద పేరుకున్న పొడి పొరను 17 శాతం ఈడీటీఏ ఒక నిమిషంలో వదిలిస్తుంది.

హైపోతో భయం లేదా అంటే, ఉంది. వేరు కొన దాటి ఎముకలోకి వెళ్తే విపరీతమైన నొప్పి, నిమిషాల్లో బుగ్గ వాపు, ఆ తర్వాత నల్లగా కమిలిపోవడం. అందుకే పక్కన రంధ్రం ఉన్న సూది వాడి, కొనకు 2 మిల్లీమీటర్ల ముందే ఆపి, బిగుసుకోకుండా కదుపుతూ మెల్లగా నొక్కాలి. రబ్బర్ డ్యామ్ లేకుండా హైపో ముట్టుకోకూడదు. నేను 3 శాతమే వాడతాను. ఘాటు పెంచేకన్నా ఎక్కువసార్లు పోసి, అల్ట్రాసోనిక్ టిప్‌తో (అతివేగంగా కంపించే సన్నటి మొనతో) కదిలించడమే నయం. ఎంత జాగ్రత్త పడ్డా ఒకసారి ఒకాయన నల్ల చొక్కా మీద చుక్క పడి తెల్ల మచ్చయింది. కొత్తది కొనిచ్చాను.

ఇదంతా పెద్దాయనకు చెప్పాను. రెండో సిట్టింగ్‌కి పాత చొక్కా వేసుకొచ్చారు.